కుట్టిందెవరో తెలియదు

బూరా గాలి కొట్టే రోజుల్లో
ఈ కెథీడ్రల్‌కి భక్తులకన్నా
చలికి తలదాచుకునేవాళ్లే ఎక్కువ.
నేను పక్కగుమ్మంలో, ఖజానా గది ముందు
టికెట్లు చింపుతూ ఉంటాను.
మోకాళ్ల మీద దుప్పటి, బల్ల కింద హీటరు.
ఏడ్రియాటిక్ ఉప్పంతా రాళ్లలోకి ఎక్కిందేమో
పాదాలు మాత్రం వేడెక్కవు.

తలుపుకి మూడు తాళాలు.
ఒక తాళంచెవి బిషప్ దగ్గర, ఒకటి ఊరిపెద్దల దగ్గర,
మూడోది జాలర్ల సంఘం దగ్గర ఉండేదట,
ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం మరి!
ఇప్పుడు మూడూ షీమె నడుముకే వేలాడతాయి.
ఆయన వస్తుంటే దగ్గు ముందు వినబడుతుందో
తాళాల చప్పుడు ముందో
ఇరవై ఏళ్లుగా తేల్చుకోలేకపోయాను.

లోపల ఏముంది అని అడుగుతారు.
మోచేతిదాకా ఒక వెండి చేయి,
దాని కడుపులో ఒక పునీతుడి ఎముక.
ఉంగరపు వేలు కాస్త వంగి ఉంటుంది,
ఎవరో ఎప్పుడో లాగి చూశారు.
దంతపు క్రీస్తు, మా తాత పళ్లలా పచ్చబడ్డాడు.
జ్ఞానస్నానాల పుస్తకం.
మహమ్మారి ఏడాది తెరిచి పెట్టారు,
ఆ ఒక్క పుటలో
రాసిన చేయి మూడుసార్లు మారింది.

గోడ నిండా అరచేతంత వెండి రేకులు:
కళ్లు, రొమ్ము, పడవ, ఉయ్యాల.
అన్నీ తీరిన మొక్కులే.
తీరనివాళ్లు వెండి ఎందుకు తెస్తారు?
వాళ్ల గోడ ఎక్కడుందో
నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మంగళవారం ఒక ముసలామె వచ్చింది.
పేరు లూత్సె, ఎదురు దీవి నుంచి పడవలో.
ముసలివాళ్ల రేటు చెప్తే
పూర్తి డబ్బు బల్ల మీద పెట్టి
"చూడటానికి రాలేదమ్మా, ఉందో లేదో చూసుకుపోదామని" అంది.

తిన్నగా ఎర్రపట్టు పూజావస్త్రం దగ్గరికి నడిచింది.
వీపు మనవైపు తిప్పి అద్దంలో నిలబెట్టారు దాన్ని,
లోపల ఫాదర్ ఉన్నట్టే, మనతో మాట్లాడనట్టే.
కింద అట్టముక్క:
ద్రాక్షతీగ, బంగారు జరీ. కుట్టిందెవరో తెలియదు.

అక్కడ యూరో వేస్తే రెండు నిమిషాల వెలుగు.
వేసింది.
"ఆ ఆకు చూడు" అంది. ఎడమ భుజం కింద
ఒక్క ఆకు తలకిందులుగా ఉంది.
ఇన్నేళ్లలో నేను చూడలేదు.
"మా అమ్మమ్మ వాళ్లమ్మ.
నూనె అయిపోయిన రాత్రి, తడుముకుంటూ కుట్టింది.
తెల్లారి చూసుకుని ఏడ్చింది.
విప్పితే పట్టు చిరుగుతుంది,
ఎల్లుండి పండగ.
అలాగే ఇచ్చేసింది.
ఆ తర్వాత బతికినన్నాళ్లూ
పూజలో ఆవిడ చూసింది దేవుణ్ణి కాదు,
ఫాదర్ వీపుని."

టప్‌మని లైటు ఆరింది.
చీకట్లో అద్దం మీద గోరు గీసిన చప్పుడు.
"ఇంత చీకటే అయ్యుంటుంది" అంది లూత్సె,
నాతో కాదు.

నేను గల్లాపెట్టె లోంచి ఒక నాణెం తీసుకెళ్లి వేశాను.
ఆకు మళ్లీ వచ్చింది.
పెన్సిలు తీసుకుని, "ఆవిడ పేరు చెప్పండి,
అట్టముక్క మార్పిస్తాను" అన్నాను.
ఆమె నోరు తెరిచింది.
మూసింది.
చేతిసంచి హుక్కు తీసి, పెట్టి, తీసింది,
పేరు అందులో ఎక్కడో పడి ఉన్నట్టు.
"మేమంతా పెద్దావిడ అనేవాళ్లం.
మా అమ్మకి తెలిసి ఉండేది."

నాలుగింటి పడవకి వెళ్లిపోయింది.
రుమాలు మరిచిపోయింది, బల్ల సొరుగులో పెట్టాను.

రాత్రి లెక్కలో ఒక యూరో తక్కువొచ్చింది.
షీమె రెండుసార్లు లెక్కపెట్టి, దగ్గి,
ఎవరు తీశారని అడిగాడు.

తెలియదు అన్నాను.